పిల్లలను చూచి నేర్చుకొనిన పంతులమ్మ
(మరియా మాంటిస్సోరి జీవిత కథ)

ధ్యానభాగములు: నిర్గమకాండము 2:1–10, మార్కు 9:33–37



మన పట్టణములలో వీధివెంట నడచునప్పుడు మాంటిస్సోరి అను పేరు వ్రాసిన బడి బోర్డులు కనబడుచుండును. అది ఊరిపేరా, ఒక చదువు పేరా అని అడుగువారు కలరు. అది ఒక స్త్రీ పేరు. ఆమె వైద్యురాలు, పంతులమ్మ, నలుగురు మనవలకు నాయనమ్మ. 1870లో పుట్టి 1952లో కన్నుమూసెను. ఆ దీర్ఘాయువులో దాదాపు ఏడు సంవత్సరములు ఒక్క తడవగా మన దేశములోనే గడపెను. అందులో ఎక్కువ కాలము అప్పటి మద్రాసు రాజధానిలోనే యుండెను. మన కోస్తా జిల్లాలును రాయలసీమయు ఆ దినములలో ఆ రాజధానిలోనివే.

తమలో ఎవడు గొప్పవాడని శిష్యులు దారిలో వాదించుకొనినప్పుడు, ప్రభువు ఒక చిన్నబిడ్డను తీసికొని వారి మధ్యను నిలువబెట్టెనని మార్కు సువార్తలో చదువుదుము. ఆ భాగమునుండి మనము వినయమును గూర్చి బోధించుకొందుము. మంచిదే. అయితే ఇంకొక సంగతి కూడ అక్కడ కలదు. పెద్దవారు తమ మాటలు ఆపి ఒక బిడ్డవైపు చూడవలసి వచ్చెను. ఈ స్త్రీ జీవితమును చదువునప్పుడు ఆ చూపు ఎట్టిదో మనకు కొంత తెలియును.

పుట్టుక, చదువు

ఇటలీ దేశపు తూర్పు తీరమునకు సమీపమున అంకోనా జిల్లాలో కియారవల్లె అను చిన్న పట్టణము కలదు. 1870 ఆగస్టు 31వ తేదీన మరియా అక్కడ పుట్టెను. తండ్రి అలెస్సాండ్రో సర్కారు ఉద్యోగి. పొగాకు వ్యవహారములు చూచు శాఖలో పనిచేసెను. తల్లి రెనిల్దె పుస్తకములు ఇష్టముగా చదువుకొను స్త్రీ. మరియా వారికి ఒక్కతే సంతానము. ఆమెకు సుమారు ఐదేండ్ల ప్రాయమున కుటుంబము రోము నగరమునకు వచ్చి స్థిరపడెను.

ఆ కాలమున ఆడపిల్ల ఎక్కువ చదివినయెడల పంతులమ్మ కావలెనని పెద్దల తలంపు. మరియా మాత్రము పంతులమ్మ పని తప్ప మరి యేదైనను చేసెదనని పట్టుపట్టెను. మొదట యంత్రవిద్యకు, తరువాత వైద్యమునకు మనస్సు తిప్పెను. తండ్రికి ఇది నచ్చలేదు. తల్లి ఆమె పక్షమున నిలిచెను. వైద్య కళాశాలలో శవములను కోసి శరీరనిర్మాణము నేర్చుకొను వేళ పురుషులతో కలిసి ఆమెను రానియ్యలేదు. అందరును వెళ్లిపోయిన పిమ్మట ఆమె ఒంటరిగా ఆ గదిలో పని చేయవలసివచ్చెను. అట్లు చదివి 1896లో వైద్యపట్టము పొందెను. ఇటలీలో ఆ పట్టము పొందిన మొదటి స్త్రీలలో ఆమె యొకతె.

నేలమీది రొట్టెముక్కలు

పట్టము పొందిన పిమ్మట ఆమెకు మానసిక రోగుల చికిత్సాలయములో పని దొరికెను. ఆ దినములలో బుద్ధిమాంద్యముగల పిల్లలను పిచ్చివారితో కలిపి ఒక్కచోటనే బంధించి యుంచెడివారు. అట్టి ఒక గదిలో పిల్లలు భోజనమైన తరువాత నేలమీద పడిన రొట్టెముక్కల కొరకు ప్రాకులాడుచుండిరి. వీరు తిండిపోతులని కావలి స్త్రీ విసుగుకొనెను. మరియా ఆ గదిని నలుదిక్కుల చూచెను. అందులో ఆటవస్తువు లేదు, చేతితో పట్టుకొనుటకు ఒక పుల్లయైనను లేదు. ఆ పిల్లలు తమ చేతులకు పని వెదకుచున్నారని, ఆకలి కడుపుది కాదని ఆమెకు తోచెను.

ఇతారు, సెగ్విను అను ఇద్దరు ఫ్రెంచి వైద్యులు ఇట్టి పిల్లలను గూర్చి పూర్వము వ్రాసిన గ్రంథములను ఆమె వెదకి తెచ్చుకొని, ఇటలీ భాషలోనికి మార్చి, తన చేతితోనే మొదటినుండి కడవరకు వ్రాసికొనెను. వ్రాసినయెడల ఒక్కొక్క మాటను తూచి గ్రహింపవచ్చునని ఆమె ఉద్దేశము. 1900లో అట్టి పిల్లలకు బోధించు గురువులను సిద్ధపరచు పాఠశాల ఒకటి రోములో తెరవబడగా, ఆమెయు జుసెప్పె మోంతెసానో అను వైద్యుడును దానిని నడిపించిరి. పనికిరారని త్రోసివేయబడిన ఆ పిల్లలలో కొందరు చదువను వ్రాయను నేర్చుకొని, మామూలు బడిపిల్లలతో సమానముగా పరీక్షలో గెలిచిరి. లోకము ఆమెను మెచ్చుకొనెను. ఆమెకు మాత్రము వేరొక ప్రశ్న పుట్టెను: ఈ పిల్లలే ఇంత నేర్వగలిగినప్పుడు, ఆరోగ్యముగానున్న పిల్లలు ఇంతకంటె ఎక్కువ ఎందుకు నేర్చుకొనుటలేదు? వారిని అడ్డుచున్నదేమి?

సాన్ లొరెంజో బడి

రోములో సాన్ లొరెంజో అను పేట పేదలది. అక్కడ ఒక కంపెనీవారు కూలీ కుటుంబముల కొరకు పెద్ద ఇండ్లు బాగుచేయించిరి. తలిదండ్రులు పొద్దుననే పనికి పోవుదురు. బడియీడు రాని పిల్లలు మెట్లమీద తిరుగుచు గోడలు పాడుచేయుచుండిరి. వారిని ఒక గదిలో కూర్చుండబెట్టి చూచుకొనుటకు ఎవరినైన పెట్టుట గోడలకు మరల సున్నము వేయించుటకంటె చవుక అని యజమానులు తలంచి, మరియాను అడిగిరి. 1907 జనవరి 6వ తేదీన ఆ గది తెరువబడెను. మూడేండ్లనుండి ఆరేండ్ల వరకుగల పిల్లలు సుమారు 50 మంది చేరిరి. ఆ దినము తూర్పుజ్ఞానులు శిశువును దర్శించిన పండుగ. మరియా రోమా సంఘమునకు చెందినది. ఆ పండుగ నాడు చదువబడు యెషయా 60వ అధ్యాయములోని వెలుగు మాటలు, ఏడ్చుచు భయపడుచు నిలిచిన ఆ పేదబిడ్డలను చూచినప్పుడు ఆమె మనస్సునకు వచ్చినవట.

ఆమె అక్కడ చేసినది ఏమనగా, మొదట చూచుటయే. పిల్లలు తామే మోసికొనగల చిన్న బల్లలు, కుర్చీలు చేయించెను. కొయ్య దిమ్మెలు, రంగు పలకలు, గుండీలు పెట్టు చట్రములు ఇచ్చెను. మూడేండ్ల పిల్ల యొకతె కొయ్య దిమ్మెలను వాటి గుంటలలో పెట్టుచు తీయుచుండెను. మరియా లెక్కపెట్టుచు కూర్చుండెను. చుట్టును ఇతర పిల్లలచేత పాటలు పాడించెను. ఆ పిల్లను కుర్చీతో సహా ఎత్తి బల్లమీద పెట్టెను. అయినను ఆ పిల్ల చేయి ఆగలేదు. నలభై మార్లకు పైగా చేసి, నిద్ర లేచినదానివలె తేటగా నవ్వి, తనంతట తానే ముగించెను. పిల్లలకు నిలుకడ లేదని మనము చెప్పుచుందుము. తగిన పని చేతికి అందినప్పుడు ఎంత నిలుకడ వచ్చునో ఆ దినము ఆమె కన్నులార చూచెను.

ఒక ఉదయము పంతులమ్మ ఆలస్యముగా వచ్చెను. ముందుదినము అలమారకు తాళము వేయుట మరచిపోయెను. ఆమె వచ్చుసరికి పిల్లలు తమకు కావలసినవి తీసికొని నెమ్మదిగా పనిలో నుండిరి. ఇది దొంగతనమని పంతులమ్మ అనుకొనెను. పిల్లలకు ఇప్పుడు ఏది కావలెనో తెలిసినదని మరియా అనుకొనెను. ఆనాటినుండి తాళపు అలమారలు పోయి, పిల్లల చేతికందు ఎత్తున తెరచిన అరలు వచ్చెను.

మరియొక దినము ఆమె పిల్లలకు చేతిగుడ్డతో చప్పుడు లేకుండ ముక్కు తుడుచుకొనుట నేర్పెను. పిల్లలు శ్రద్ధగా చూచి, అయిన వెంటనే చప్పట్లు కొట్టిరి. ఆమె ఆశ్చర్యపడి ఆలోచించెను. చీమిడి ముక్కని పెద్దలు ఎల్లప్పుడును తిట్టిరేగాని, ఎట్లు తుడుచుకొనవలెనో అంతవరకు ఎవరును నెమ్మదిగా చూపలేదు. పేదబిడ్డ మర్యాదను ఆమె మొదటిసారి నిలువబెట్టెను. అందుకే ఆ చప్పట్లు.

బహుమానములు, శిక్షలు కూడ అక్కడ తమంతట తామే పోయెను. మంచిపిల్లవాడని ఒకనికి పతకము తగిలింపగా, వాడు పనిలో పడి దానిని క్రింద పడవేసికొనెను. శిక్షగా ఊరక కూర్చుండబెట్టబడిన మరియొకడు దానిని తీసి పెట్టుకొనెను. పనిచేయువాడు లక్ష్యపెట్టలేదు. పని దొరికినవానికి పతకము అక్కరలేదు.

తల్లులు తమ బిడ్డలకు చదువను వ్రాయను నేర్పుమని అడిగిరి. మరియా గరుకు కాగితముతో అక్షరములు కత్తిరించి అట్టలకు అంటించి, పిల్లలచేత వ్రేలితో దిద్దించెను. కొన్ని నెలలు గడచెను. డిసెంబరు మాసములో ఒక ఎండపూట డాబామీద ఐదేండ్ల పిల్లవానికి సుద్దముక్క ఇచ్చి పొగగొట్టము బొమ్మ వేయుమనెను. వాడు బొమ్మ వేసి, దాని క్రింద ఆ పేరును తానే వ్రాసి, వ్రాయగలిగితినని కేకలు వేసెను. మిగిలిన పిల్లలును సుద్దముక్కలు అడిగి నేలమీద, గోడమీద, తలుపులమీద వ్రాయసాగిరి. ఆ సంగతి దేశదేశముల వ్యాపించెను. 1909లో ఆమె తన పద్ధతిని గ్రంథముగా వ్రాసెను. దూరదేశముల గురువులు రోమునకు వచ్చిరి.

దాచబడిన కుమారుడు

ఇంతవరకు వినినవారు ఈమె భాగ్యవంతురాలని తలంచుదురు. కాని ఈ సంవత్సరములన్నిటను ఆమె హృదయములో ఒక గాయముండెను. 1898 మార్చి 31వ తేదీన ఆమెకు ఒక కుమారుడు పుట్టెను. అతని పేరు మారియో. తండ్రి ఆమెతో కలిసి పనిచేసిన మోంతెసానో. వారికి వివాహము కాలేదు. లోకము ఎరిగినయెడల ఆమె వృత్తియు కుటుంబపు గౌరవమును నశించునని తలంచి, బిడ్డను పుట్టిన పిమ్మట రోమునకు వెలుపల పల్లెలో ఒక కుటుంబమునొద్ద పెంపకమునకు ఉంచిరి. 1901లో మోంతెసానో వేరొక స్త్రీని వివాహమాడెను. మరియా ఆ పాఠశాలను విడిచిపోయెను.

అప్పుడప్పుడు ఆమె ఆ పల్లెకు వెళ్లి బిడ్డను చూచి వచ్చుచుండెను. తాను తల్లినని వానికి చెప్పలేదు. ఇతరుల బిడ్డల ముక్కులు తుడిచి, వారి వ్రేళ్లు పట్టి అక్షరములు దిద్దించిన స్త్రీ, తన బిడ్డకు ఆ పనులు చేయలేకపోయెను. 1912 డిసెంబరులో ఆమె తల్లి మరణించెను. మరుసటి సంవత్సరము, సుమారు 15 ఏండ్ల ప్రాయమున, మారియో ఆమె యింటికి వచ్చెను. అప్పటినుండి తల్లియు కుమారుడును విడిపోలేదు. అయినను లోకమునకు ఆమె అతనిని మేనల్లుడని, పెంపుడు కుమారుడని చెప్పుచు వచ్చెను.

నిర్గమకాండములో మోషే తల్లి తన సొంత బిడ్డను రాజకుమార్తె బిడ్డగా, జీతమునకు పాలిచ్చి పెంచవలసివచ్చెను. అమ్మా అని పిలిపించుకొను హక్కు లేకయే ఆమె వానిని ఎత్తుకొనెను. ఫరో ఆజ్ఞకు భయపడి యోకెబెదు తన బిడ్డను దాచెను. జనుల నాలుకలకు భయపడి ఈ స్త్రీ దాచెను. ఆమె చేసినది సరియని చెప్పుటకు ఈ మాటలు వ్రాయలేదు. ఒక తల్లిని బిడ్డనుండి వేరుచేయగల బలము మనుష్యుల నిందకు ఎంత కలదో మనము తెలిసికొనవలెనని వ్రాయుచున్నాను.

దేశదేశముల తిరిగిన కాలము

తరువాతి సంవత్సరములు ప్రయాణములే. 1913లో అమెరికా దేశము ఆమెను ఘనముగా ఆహ్వానించెను. 1915లో సాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శనశాలలో అద్దపు గోడలుగల తరగతి గదిని పెట్టి, పిల్లలు పనిచేయు విధమును జనులకు చూపెను. స్పెయినులో బార్సిలోనా నగరమున చాలకాలము నివసించెను. అక్కడ ఆమె చేసిన ఒక పని మన వ్యవసాయ సంఘములకు ప్రత్యేకముగా నచ్చును. పిల్లలకు రెండు మడులు ఇచ్చి, ఒకదానిలో గోధుమలు, ఒకదానిలో ద్రాక్షలు పెంచనిచ్చెను. ఆ పంటనుండియే ఆరాధనలో వాడు రొట్టెయు ద్రాక్షారసమును సిద్ధపరచబడెను. బల్ల దగ్గరకు వచ్చు రొట్టె ఎక్కడనుండి వచ్చునో ఆ పిల్లల చేతులే ఎరిగియుండెను.

ఇటలీని ఏలుచున్న ముస్సోలినీ 1924లో ఆమె బడులకు సహాయము చూపగా ఆమె అంగీకరించెను. అది ఆమెకు నష్టమునే తెచ్చెను. పిల్లలను సైనికులుగా తీర్చవలెనని అతని కోరిక. తమంతట తాము ఆలోచించువారిగా పెంచవలెనని ఆమె కోరిక. ఆ రెండు కూడుట అసాధ్యము. 1934లో ఆమె ఇటలీని విడిచెను; అక్కడి ఆమె బడులు మూతబడెను. జర్మనీలో హిట్లరు పరిపాలనలోను అట్లే జరిగెను. 1936లో స్పెయినులో అంతర్యుద్ధము లేచినప్పుడు బార్సిలోనా విడిచి, తుదకు హాలెండు దేశములో ఆశ్రయము పొందెను.

మద్రాసులో ఆమె

1939 నవంబరులో, 69 ఏండ్ల వయస్సున, ఆమె మారియోతో కూడ మద్రాసునకు వచ్చెను. అడయారులోని దివ్యజ్ఞాన సమాజమువారు, ముఖ్యముగా జార్జి అరండేలు, రుక్మిణీదేవి దంపతులు ఆమెను పిలిచిరి. కొన్ని నెలలు బోధించి పోవలెనని ఆమె ఉద్దేశము. దేశపు నలుమూలలనుండి సుమారు 300 మంది గురువులు వచ్చిరి. తాటాకు పాకలలో తరగతులు జరిగెను. ఆమె ఇటలీ భాషలో మాటలాడగా మారియో ఇంగ్లీషులోనికి మార్చెను.

1940 జూనులో ఇటలీ యుద్ధమున చేరగానే, ఇటలీ దేశస్థులు ఇంగ్లీషు ప్రభుత్వమునకు శత్రువులైరి. మారియోను అహ్మదునగరు నిర్బంధ శిబిరమునకు తీసికొనిపోయిరి. ఆమెను అడయారు ఆవరణము దాటకూడదని ఆజ్ఞాపించిరి. పరదేశములో, భాష తెలియని చోట, తన నోరును చేయియునై యున్న కుమారుడు లేక ఆ వృద్ధురాలు ఒంటరిగా మిగిలెను. ఆగస్టు 31వ తేదీన ఆమెకు 70 సంవత్సరములు నిండెను. ఆ పుట్టినదినమునకు కానుకగా వైస్రాయి మారియోను విడుదల చేసెను. ఆ వర్తమానములో అతడు ఆమె కుమారుడుగానే పేర్కొనబడెనని ఆమె చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. 42 సంవత్సరములు దాచిన మాట ఇట్లు మన మద్రాసులో బయటికి వచ్చెను. దానివలన ఆమె గౌరవము తగ్గలేదు. జనులు ఆమెను మునుపటివలెనే ప్రేమించిరి.

యుద్ధకాలమున కొంతకాలము కోడైకెనాలు కొండమీద నివసించి, వేర్వేరు వయస్సుల పిల్లలను ఒక్కచోట కూర్చి చెట్లు, పురుగులు, నీళ్లు, రాళ్లు చూపుచు బోధించెను. పెద్దపిల్లలు చిన్నవారికి నేర్పుట ఆమె గమనించెను. మన దేశమున వెయ్యికి పైగా గురువులు ఆమె యొద్ద శిక్షణ పొందిరి.

నాయనమ్మ

మారియోకు నలుగురు బిడ్డలు. వారు హాలెండులో స్నేహితుల సంరక్షణలో నుండిరి. 1940 మేలో జర్మనులు హాలెండును పట్టుకొనిరి. యుద్ధపు చివరి చలికాలమున అక్కడి జనులు ఆకలితో మరణించిరి. సముద్రమునకు ఈవల నాయనమ్మ ఇతరుల పిల్లలకు బోధించుచుండగా, తన మనవలు ఆవల శత్రువుల చేతిలో నుండిరి. చిన్నప్పుడు కుమారునికి దూరమైన ఆమె ముసలితనములో మనవలకును దూరమాయెను. అయినను ఎదుటనున్న పిల్లలను విడువలేదు. 1946లో ఆమె తిరిగి హాలెండు చేరి మనవలను కలిసికొనెను. పిమ్మట మరల మన దేశమునకు వచ్చి 1949 వరకు పనిచేసెను. 1949, 1950, 1951 సంవత్సరములలో నోబెలు శాంతి బహుమానమునకు ఆమె పేరు సూచింపబడెను, బహుమానము రాలేదు.

1952 మే 6వ తేదీన హాలెండు సముద్రతీరమున నూర్డ్విక్ అను ఊరిలో ఆమె తుదిశ్వాస విడిచెను. ఆ దినములలో కూడ ఆఫ్రికాకు వెళ్లి గురువులను సిద్ధపరచుటను గూర్చి మారియోతో మాటలాడుచుండెను. మరణశాసనమున ఆమె అతనిని తన కుమారుడని వ్రాసెను. ఆమెను ఆ ఊరిలోనే సమాధి చేసిరి. 1990లో ఇటలీ దేశము తన వెయ్యి లీరాల నోటుమీద ఆమె ముఖమును ముద్రించెను.

మన సంఘములకు

ప్రియులారా, ఈ చరిత్రను విని మెచ్చుకొని ఊరకుండుట చాలదు.

మన ఆరాధనలలో పిల్లలు ముందు చాపమీద కూర్చుందురు. ఒక పెద్ద బెత్తము పట్టుకొని వారి ప్రక్క నిలుచును. వారు కదలకుండుటయే భక్తియని మన తలంపు. వారికి పని ఇచ్చి చూడుడి. చాపలు పరచుట, గంట కొట్టుట, కానుకపళ్లెము పట్టుట, వృద్ధురాలికి వచనము వెదకి ఇచ్చుట వారిచేత చేయించుడి. కోతపండుగకు పెద్దల ధాన్యముతోబాటు పిల్లలు తామే నీళ్లు పోసి పెంచిన ఒక మడి కూరలు రానియ్యుడి.

సండేస్కూలు బోధకులారా, పిల్లవాడు తప్పు చెప్పిన వెంటనే చెయ్యి ఎత్తకుడి. వానికి ఎట్లు చేయవలెనో ఎవరైన నెమ్మదిగా చూపిరా అని మొదట ఆలోచించుడి. ముక్కు తుడుచుకొనుట నేర్చి చప్పట్లు కొట్టిన ఆ బిడ్డలను జ్ఞాపకము చేసికొనుడి.

సంఘపెద్దలారా, మన పల్లెలలో కూడ వివాహము లేకయే తల్లియైన ఆడపిల్ల అప్పుడప్పుడు కనబడును. పాపమును పాపమనియే చెప్పుదము. కాని ఆ బిడ్డ ఏ పాపము చేసెను? మన మాటలకు భయపడి ఒక తల్లి తన బిడ్డను దూరపు ఊరిలో విడిచి, పరాయిదానివలె చూచి రావలసిన స్థితి మన సంఘములో కలుగకుండునుగాక. ఆ యింటికి మొదట పోవలసినవారు పెద్దలే.

అవ్వలారా, నాయనమ్మలారా, చూపు తగ్గినది, ఇంక మావలన ఏమి కాగలదని చెప్పకుడి. లోయి తన మనవడైన తిమోతికి ఇచ్చిన విశ్వాసమును పౌలు పేరుపెట్టి జ్ఞాపకము చేసికొనెను. కూలికి పోయిన తలిదండ్రులు తిరిగి వచ్చువరకు అరుగుమీద బిడ్డను కాచుచున్నది మీరే. ఆ బిడ్డ ఇసుకలో ఏదో పేర్చుచు పేర్చుచు కూర్చున్నప్పుడు, భోజనమునకు రమ్మని వెంటనే చేయి పట్టి లాగకుడి. కొంచెము సేపు ప్రక్కన కూర్చుండి చూడుడి. ప్రభువు మన మధ్యను నిలువబెట్టిన బిడ్డ ఆ బిడ్డయే.